తేలిపోయినవాటి లెక్క

చచ్చిన కణానికి అంచు చెదిరిపోతుంది, ఇవి అలా లేవు కదా, అనుకుంది ఆమె రెండో అంతస్తు మలుపులో రైలింగు పట్టుకుని, ఎడమ మోకాలికి ఒక్క క్షణం విశ్రాంతినిస్తూ, ఇవి గుండ్రంగా, నిండుగా, నిద్రపోయే పసిబిడ్డ పిడికిలిలా బిగువుగా ఉన్నాయి, నీలిరంగు చుక్క వేస్తే లోపలికి రానివ్వలేదు, చచ్చినదానికి కావలి ఉండదు కనక రంగు దర్జాగా లోపలికి పోయి కూర్చుంటుంది, బతికున్నది మాత్రం బయటే ఉండమంటుంది, ఇంతే తేడా, ఇంతకు మించిన శాస్త్రం ఇందులో లేదు, ఈ సంగతిని ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఈ పరిశోధనశాలలో చేరిన ప్రతివారికీ మొదటిరోజునే చెబుతూ వచ్చింది, ఐదో అంతస్తు సమావేశం గదిలో ఇప్పుడు తన కోసం ఎదురుచూస్తున్న డైరెక్టరుకు కూడా, అప్పుడతను డైరెక్టరు కాదు, చుక్కలు కొలిచే పిపెట్టు పట్టుకుంటే వేళ్ళు వణికే కొత్త పరిశోధకుడు, అమ్మా, ఇది బతికుందా చచ్చిందా ఒక్కసారి చూడరా, అని అరగంటకొకసారి పిలిచేవాడు, ఇప్పుడు పిలవడు, ఇప్పుడతనే చెబుతాడు, చచ్చాయి మేడమ్, నూటికి నలభై రెండు తగ్గాయి, మీ లెక్కే కదా, ఇక మీరు పెట్టాల్సింది ఒక్క సంతకం, లిఫ్టు పనిచేస్తూనే ఉంది, తనే ఎక్కలేదు, లిఫ్టులో ఎవరో ఒకరు తగులుతారు, అభినందనలు చెబుతారు, ఆ అభినందనలు మింగడం కంటే మోకాలినొప్పి నయం.

సంతకం పెడితే వచ్చే నెల మొదటి తేదీ నుంచి పన్నెండుమంది కిడ్నీ క్యాన్సర్ రోగులకు ఆ సూది మొదలవుతుంది, పెట్టకపోతే మొదలు కాదు, చంకలో ఉన్న రిజిస్టరు బరువంతా అదే, కణాల లెక్కకు బాధ్యురాలైన మనిషి సరిచూశానని రాసి సంతకం చేయనిదే రిపోర్టు ఈ భవనం నుంచి ఆసుపత్రికి వెళ్ళకూడదన్నది ఎప్పటిదో పాత నియమం, ఎవరికీ గుర్తులేని నియమం, ఆమెకు తప్ప, పన్నెండుమంది జాబితాలో మొదటి పేరు ఆమె తోటికోడలిది, కుడి కిడ్నీ తీసేసి ఏడాదిన్నర, ఊపిరితిత్తిలో ఈ మధ్యనే రెండు మచ్చలు, ఆ సూదిలో ఉండేది బయటి విషమేమీ కాదు, ఒంట్లోకి ఏదైనా చొరబడినప్పుడు రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లలో ఒకటి, డైరెక్టరు దానికి అక్షరాలూ అంకెలూ కలిపి ఏదో పేరు పెట్టాడు, ఆమె తన రిజిస్టరులో మొదటినుంచీ కబురు అనే రాసుకుంది, అది చేసే పని అదే కనక, కణం గోడకు గుమ్మంలాంటిది ఒకటి ఉంటుంది, కబురు వచ్చి అక్కడ వాలుతుంది, లోపల ఒక చెవి నుంచి మరో చెవికి మారుతూ నడిగూటికి, అంటే కేంద్రకానికి, చేరుతుంది, పెరుగు అనో, ఆగు అనో, లే అనో, పంపినవారి ఉద్దేశంతో కణానికి నిమిత్తం లేదు, తన స్వభావానికి తగ్గట్టు అర్థం చేసుకుంటుంది, ఆరోగ్యమైన కణం ఒకలా, వ్యాధి ముదిరిన కణం మరోలా, ఇదేమీ రహస్యం కాదు, పుస్తకాల్లో ఉన్నదే, కానీ పుస్తకం చదివినవాళ్ళకు మూడో అంతస్తులో పనిచేయడానికి తీరికుండదు, మూడో అంతస్తులో పనిచేసేవాళ్ళు పుస్తకం చదువుతారని ఐదో అంతస్తు నమ్మదు.

మూడో అంతస్తు తలుపు ముందు ఆగింది, అలవాటు, కాళ్ళు వాటంతటవే కుడివైపు తిరగబోయాయి, తలుపు సందులోంచి బ్లీచ్ వాసన, ఇంక్యుబేటరు సన్నటి రొద, ఆ పెట్టెలో ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో పెరిగే కణాలకు రోజు విడిచి రోజు తిండి మార్చాలి, ఆదివారాలు లేవు, పెళ్ళిళ్ళు లేవు, మా అక్క ఇంట్లో మనుషులకు వేళకి పెట్టదు గానీ అక్కడ క్యాన్సర్‌కి మాత్రం గడియారం చూసి పెడుతుంది, అని తోటికోడలు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, అందరూ నవ్వేవారు, తన భర్త అందరికంటే గట్టిగా నవ్వేవాడు, పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండారు, ఉప్పు ఇద్దరూ వేసిన రోజులున్నాయి, ఎవరూ వేయని రోజులున్నాయి, ఈ తలుపు వెనకాల కడిగే తొట్టి పైన ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం అతికించి ఉంది, ఆమె చేతిరాత, ముప్పై ఏళ్ళ కిందటిది, సిరా గోధుమరంగుకు తిరిగింది, మొదటి వాక్యం, పాత్రలో ఉన్న ద్రవాన్ని పంపుతో పీల్చి పారవేయవలెను, రెండో వాక్యం, పాత్రను రెండుసార్లు కడిగి అడుగున అంటుకున్న కణములను మాత్రమే లెక్కించవలెను, అప్పట్లో వలెను అని రాయకపోతే ఎవరూ లెక్కచేసేవారు కాదు, ఆ రెండు వాక్యాలనూ నలభై మందికి పైగా నేర్చుకున్నారు, నేర్చుకుని ఇతర ఊళ్ళకు వెళ్ళి అక్కడి తొట్ల పైన అతికించుకున్నారు, ఆ రోజుల్లో అది తప్పు కూడా కాదు, కిడ్నీ గడ్డ నుంచి తీసిన కణం అడుగున అంటుకునే బతుకుతుంది, పట్టు వదిలి పైకి తేలిందంటే చచ్చిందనే లెక్క, తేలినది తుక్కు, తుక్కును ఎవరు లెక్కపెడతారు.

కబురు వేసిన పాత్రల్లో రెండోరోజుకల్లా కణాలు గుంపులు గుంపులుగా పైకి తేలుతుంటే డైరెక్టరు మైక్రోస్కోపు మీంచి తలెత్తి నవ్విన నవ్వు ఆమెకు ఇంకా కళ్ళముందే ఉంది, ఎలా రాలిపోతున్నాయో చూడండి మేడమ్, అన్నాడు, ఆమె చూసింది, చూసి, అవును చచ్చాయి అంది, ఆ మాట అన్నది తనే, ఇంకెవరో కాదు, రంగు వేయకుండా అంది, ముప్పై ఏళ్ళు చూసిన కంటికి రంగెందుకు అనుకుంది, ఆ అహంకారానికి ఒక కొలత ఉంటే బాగుండేది, పద్నాలుగు నెలలు అలాగే పీల్చి, పారేసి, కడిగి, మిగిలినవి లెక్కపెట్టింది, కబురు లేని పాత్రలో నూరుంటే కబురు వేసిన పాత్రలో యాభై ఎనిమిది, ఒక్కసారి కాదు, ప్రతిసారీ, ఎంత నిలకడగా వచ్చిందంటే గణాంకాలు చూసే ఆయన ఇంత శుభ్రమైన లెక్క నా సర్వీసులో చూడలేదండీ అని ఆమెకు చెయ్యి కలిపాడు, ఆపైన మూడు వారాల కిందట, గురువారం, పంపు చెడిపోయింది, అంతే, అందులో ప్రతిభ ఏమీ లేదు, పంపు పీల్చడం మానేసింది, మెకానిక్ మధ్యాహ్నం వస్తానన్నాడు, ద్రవాన్ని చేత్తో ఒక గాజుపాత్రలోకి వంపింది, బ్లీచ్ కలపబోతూ ఆగింది, ఎందుకు ఆగిందో ఇప్పటికీ ఆమెకే తెలియదు, బహుశా ఆ పాత్రలో అడుగున చేరిన పొర తుక్కుకు ఉండాల్సినదానికంటే చిక్కగా కనిపించి ఉంటుంది, ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసి నీలిరంగు కలిపి, అడుగున ఉన్నవాటి కొలతలోకే మార్చి లెక్కిస్తే, యాభై ఐదు కణాల్లో నీలం తిరిగినవి నాలుగు, మిగిలిన యాభై ఒకటీ తెల్లగా, మెరుస్తూ, నీకేం కావాలి అన్నట్టు ఆమె వైపు చూస్తున్నాయి.

యాభై ఎనిమిదీ యాభై ఒకటీ నూట తొమ్మిది, మెట్టు ఎక్కుతూ మళ్ళీ కూడింది, ఎన్నిసార్లు కూడినా నూట తొమ్మిదే, కబురు లేని పాత్రలో తేలినవి రెండే, అంటే తగ్గడం మాట దేవుడెరుగు, నూటికి ఏడు పెరిగాయి, పెరిగి, పట్టు వదులుకుని, ప్రయాణానికి సిద్ధపడ్డాయి, కబురు వాటికి చావమని చెప్పలేదు, లేవమని చెప్పింది, ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు ఆమె, చెప్పడానికి ముందు సరిచూడటం తెలుసు, తేలినవాటిని కడిగి కొత్త పాత్రలో కొత్త తిండి వేసి, కబురు లేకుండా, వెచ్చటి పెట్టెలో ఉంచింది, మూడోరోజు తలుపు తీసి చూస్తే పాత్ర అడుగంతా పరుచుకుని ఉన్నాయి, కాళ్ళు చాపుకుని, సొంత ఇంట్లో ఉన్నంత నిశ్చింతగా, ఆరుసార్లు చేసింది, ఆరుసార్లూ అంతే, శరీరంలో అయితే ఆ కొత్త పాత్ర ఏమిటి, ఊపిరితిత్తి కావచ్చు, ఎముక కావచ్చు, కాలేయం కావచ్చు, తొట్టి ముందు నిలబడి ఆమె అప్పుడు వాంతి చేసుకుంది, తరువాత తొట్టి కడిగి, రిజిస్టరులో తేదీ, వేళ, లెక్క రాసింది, వాంతి సంగతి రాయలేదు, దానికి గడి లేదు.

నాలుగో అంతస్తు, కిటికీ, బయట ఎండ, పార్కింగులో ఒక కారు అద్దం మెరిసి కళ్ళలో గుచ్చింది, సోమవారం డైరెక్టరు గదిలో కూడా ఇదే ఎండ, అతను రిజిస్టరు పేజీలు రెండుసార్లు తిప్పాడు, ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి, చదవలేదని కాదు, చదివాడు, పెదవులు తడి ఆరిపోవడం ఆమె చూసింది, అతను మూర్ఖుడు కాదు, అదే ఆమె కోపం, మూర్ఖుడైతే జాలిపడి ఊరుకునేది, మేడమ్, ఇది ఆరుసార్లే కదా, ఆ లెక్క పద్నాలుగు నెలలది, అన్నాడు, పద్నాలుగు నెలలూ పారబోసినదాన్ని ఇప్పుడెక్కడ నుంచి తెచ్చి లెక్కపెట్టమంటారు, అంది ఆమె, సరే, ఒక పని చేద్దాం, చివరి పేజీలో పెడదాం, తేలిన కణాల సంగతి ఇకముందు పరిశీలించాల్సి ఉంది అని, ఎవరూ తప్పుపట్టరు, అన్నాడు, ఇకముందు అంటే పన్నెండుమందికి సూది పొడిచాకా పొడవకముందా, అంది ఆమె, అతను కుర్చీలో వెనక్కు వాలాడు, గొంతు తగ్గించాడు, ఆ తగ్గించిన గొంతులో పాత పిలుపు బయటికి తీశాడు, అమ్మా, ఆ కాగితం మీ చేతిరాతలో ఉంది, ఇది బయటపడితే ముందు పోయేది మీ పరువు, మీకు ఇంకా పద్నాలుగు వారాలే సర్వీసుంది, నేను మీ గురించే ఆలోచిస్తున్నాను, నిజంగానే తన గురించి ఆలోచిస్తున్నట్టే ఉంది ఆ ముఖం, అదే అసహ్యం, నమ్మకంగా పలికే అబద్ధంలో సగం నిజం కలిసినప్పుడు దానికి వచ్చే ఆ నిగారింపు, ఆమె లేచి నిలబడి, ధన్యవాదాలండీ డైరెక్టరు గారూ, అంది, ఇరవై రెండేళ్ళ పరిచయంలో మొదటిసారి అతన్ని గారు అని పిలిచింది, చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు, తినాల్సిందే.

ధైర్యంగా తిరిగొచ్చిన మనిషికి ఇంటికి వెళ్ళాక ఫోన్ చేయడానికి ఒక రోజంతా పట్టింది, మంగళవారం సాయంత్రం, రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేసింది, మూడోసారి అవతల నుంచే మోగింది, ఏంటక్కా మిస్డ్ కాల్సిస్తున్నావు, సూదికి ముందు ఉపవాసం ఏమైనా ఉండాలా, అని తోటికోడలు, గొంతులో ఉత్సాహం, ఇదిగో నేను మా వీధిలో అందరికీ చెప్పేశాను, మా అక్క చేసిన మందే, ముందు నాకే ఇస్తున్నారు అని, ఇన్నేళ్ళూ నువ్వు వండింది తిని బతికాను, ఇదేం లెక్క, నవ్వింది, నవ్వి దగ్గింది, ఆ దగ్గు ఆగేదాకా ఆగి ఆమె చెప్పింది, మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాదు, ఎన్నడూ చేతకాలేదు, లెక్క చెప్పినట్టే చెప్పింది, యాభై ఎనిమిది, యాభై ఒకటి, ఊపిరితిత్తి, అవతల టీవీ శబ్దం, ఎవరో కుక్కర్ దించిన చప్పుడు, అయితే నాకు మందు లేదన్నమాట, అంది తోటికోడలు, ఇది మందు కాదే, అంది ఆమె, నీకు కాకపోవచ్చు, నాకు మాత్రం మందే, నీకేం తెలుసు పొద్దున్నే లేచి ఒళ్ళు తడుముకోవడం అంటే, ముప్పై ఏళ్ళ నుంచీ అంతే, నాకు ఏది దక్కబోయినా నీకు అందులో ఒక వంక కనపడుతుంది, నా పిల్లకి సంబంధం వస్తే వాడి పళ్ళు బాలేదన్నావు, ఇల్లు కొంటే గోడ పగిలిందన్నావు, పగిలింది కదే, అంది ఆమె, పగిలిందిలే, అంది తోటికోడలు, ఆపైన ఏడుపు, ముక్కు చీదిన చప్పుడు, ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది, అంతకంటే చేయగలిగింది లేదు, నాలుక మీదికి వచ్చిన ఓదార్పు మాటలన్నీ అబద్ధాలే, కాసేపటికి తోటికోడలే అంది, గొంతు బొంగురుపోయి, నాకైతే నువ్వు చెప్పావు, మిగతా పదకొండుమందికి ఎవరు చెబుతారక్కా, పాపం వాళ్ళకి తోటికోడలు లేదుగా, అని, మరుమాటకు అవకాశం ఇవ్వకుండా ఫోను పెట్టేసింది, మామూలుగా అయితే ఆఖరి మాట ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ ఇంకో పావుగంట పట్టేది.

ఐదో అంతస్తులో చల్లదనం వేరు, నేల మీద బూట్లు చప్పుడు చేయని తివాచీ, సమావేశం గది తలుపు తెరిచే ఉంది, పొడుగాటి బల్ల, నీళ్ళ గ్లాసుల మీద మూతలు, గోడ మీద వెలుగుతున్న తెర, ఉన్నది ముగ్గురే, డైరెక్టరు, గణాంకాలు చూసే ఆయన, ఆసుపత్రి నుంచి వచ్చిన సర్జన్, తోటికోడలి కిడ్నీ తీసింది ఈ డాక్టరమ్మే, పొట్టి మనిషి, వేళ్ళు మాత్రం పొడుగు, ఆ వేళ్ళతో పెన్ను టోపీ తీస్తూ పెడుతూ ఉంది, తెర మీద రెండు కడ్డీలు, నీలం కడ్డీ నూరు, ఎర్ర కడ్డీ యాభై ఎనిమిది, ఎర్ర కడ్డీ పైన గాలి, ఖాళీ, నలభై రెండు వంతుల శూన్యం, అందరి కళ్ళూ ఆ శూన్యం మీదే, అందరి సంతోషమూ అక్కడే, ఆ శూన్యంలో ఏముందో ఈ గదిలో తనకూ డైరెక్టరుకూ మాత్రమే తెలుసు, అతను పాయింటరు ఎర్రచుక్కను ఆ కడ్డీ మీద తిప్పుతూ మాట్లాడుతున్నాడు, రోగనిరోధక సంకేతాన్నే ఆయుధంగా మలిచాం, ఎలుకల్లో కూడా గడ్డ మూడోవంతు తగ్గింది, మేడమ్ వచ్చారు, రండి మేడమ్, కూర్చోండి, మేడమ్ సంతకం ఒక్కటీ అయితే టీ తాగుదాం, చెయ్యి తివాచీ కంటే మెత్తగా కుర్చీ చూపించింది, ఆమె కూర్చోలేదు, కూర్చుంటే లేవడానికి మోకాలు మొరాయిస్తుంది, ఆ ఒక్క క్షణం కూడా ఇతనికి ఇవ్వదలచుకోలేదు.

ఈ లెక్క నాది, దీన్ని నేను వెనక్కు తీసుకుంటున్నాను, అంది, గొంతు ఆమె అనుకున్నదానికంటే మామూలుగా వచ్చింది, గణాంకాలాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు, వెనక్కు తీసుకోవడం ఏమిటండీ, ఇది యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం పదివేలల్లో ఒకటి కూడా లేదు, నేను మూడుసార్లు వేశాను, మీరు బాగానే వేశారు, అంది ఆమె, నేను తొట్టిలో పారబోసినదానికి అవకాశం ఎంతో అది కూడా వేసి చెప్పండి, డైరెక్టరు దగ్గాడు, మేడమ్ చెప్పేది ఒక ప్రాథమిక పరిశీలన, ఇంకా, అతని మాట పూర్తికానివ్వకుండా ఆమె రిజిస్టరు తెరిచి డాక్టరమ్మ ముందు పెట్టింది, వేలు పెట్టి చూపించింది, ఇవి అడుగున ఉన్నవి, ఇవి తేలినవి, ఇవి తేలినవాటిలో నీలం తిరిగినవి, ఇవి తిరగనివి, ఇవి మళ్ళీ అంటుకున్నవి, ఆరుసార్లు, తేదీలు ఉన్నాయి, డాక్టరమ్మ చదువుతోంది, పెన్ను టోపీ ఆగిపోయింది, గడియారం ముల్లు చప్పుడు, ఏసీ గాలికి తెర మూల కొంచెం ఊగుతోంది, ఎర్ర కడ్డీ కూడా ఊగుతోంది, డాక్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది, ఎలుకల్లో గడ్డ కొలిచారు సరే, ఊపిరితిత్తులు కోసి చూశారా, డైరెక్టరు గణాంకాలాయన వైపు చూశాడు, నేను అడుగుతున్నది మిమ్మల్నే సార్, ప్రోటోకాల్‌లో లేదండీ, అన్నాడు డైరెక్టరు, గడ్డను చర్మం కింద పెంచాం కాబట్టి, అంటే చూడలేదు, అంది డాక్టరమ్మ, చూడలేదు, అన్నాడు, ఆ ఒక్కమాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో ఆమెకు తెలిసింది, పాతరోజుల వణుకు చేతివేళ్ళలో కనపడింది, జాలి కలిగింది, ఆ జాలి మీద కూడా కోపం వచ్చింది, పదకొండుమంది మీదకు వెళ్ళాల్సిన జాలి వీడి మీదకు ఎందుకు పోతోంది.

అప్పుడతను ఆఖరి ప్రయత్నం చేశాడు, నీళ్ళ గ్లాసు మూత తీసి ఆమె వైపు జరిపాడు, సరే మేడమ్, ట్రయల్ వాయిదా వేద్దాం, నేనూ కాదనడం లేదు, కానీ ఇందులో మీ పేరు ఎందుకు, ఆ కాగితం సంగతి ఎందుకు, పద్ధతిలో ఒక లోపం కనబడింది, అందువల్ల వాయిదా, అని సంస్థ తరఫున నేను రాస్తాను, ఎవరి తప్పని ఎక్కడా ఉండదు, మీరు గౌరవంగా రిటైరవుతారు, ఇన్నేళ్ళు చేశారు, అంతమాత్రం మేం మీకు చేయలేమా, గణాంకాలాయన తలాడించాడు, అవునండీ, ఎందుకండీ మీకీ తలనొప్పి, నిజంగానే మంచిమాట, ఎంత మంచిదంటే ఒక్క క్షణం ఆమెకు కుర్చీ చేతికందేంత దగ్గరగా కనిపించింది, సూది ఆగుతుంది, అదే కదా కావలసింది, తోటికోడలు బతికినంతకాలం బతుకుతుంది, ఈ సూది వల్ల మాత్రం చావదు, ఇంకేం కావాలి, పరువుతో ఇంటికి పోవచ్చు, పోయి, ఆ తరువాత, పేరు లేని లోపం కదా, తొట్టి పైనున్న కాగితం అలాగే ఉంటుంది, లోపం కనబడింది అన్న మాటకు చేతులూ కాళ్ళూ ఉండవు, అది మెట్లు దిగి మూడో అంతస్తుకు రాదు, ఎవరి చెయ్యినీ పట్టుకుని ఆపదు, నలభై మంది తీసుకుపోయిన నలభై కాగితాలు నలభై తొట్ల పైన, ఎవరో ఒకరు ఈ క్షణాన కూడా పీలుస్తూ, పారేస్తూ, కడుగుతూ, యాభై ఎనిమిది అని రాస్తూ, సంతోషిస్తూ ఉంటారు, వాళ్ళకు, ఆ వాక్యం నేనే రాశాను, అది తప్పు, అని రాసిన మనిషే చెప్పాలి, సంస్థ చెబితే ఎవరు వింటారు, సంస్థ వాళ్ళ చెయ్యి పట్టుకుని పిపెట్టు నేర్పలేదు.

ఇతను తననుంచి తీసుకోబోతున్నదేమిటో అప్పుడు తెలిసింది ఆమెకు, నీళ్ళ గ్లాసు చల్లగా చేతికి తగులుతుండగా, ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఇన్ని మెట్లు ఎక్కేదాకా ఎందుకు చూడలేదో, ఈ భవనం నుంచి వెళ్ళిన పరిశోధన పత్రాలు ఇరవై రెండింటిలో కణాలన్నీ ఆమె పెంచినవే, లెక్కలన్నీ ఆమె పెట్టినవే, పైన ఉన్న పేర్లు మాత్రం వేరు, ఆమె పేరు చివరి పేజీ అడుగున, కృతజ్ఞతల్లో, చిన్న అక్షరాల్లో, విద్యుత్తు సరఫరా విభాగానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి, ఎన్నడూ అడగలేదు, అడగడం చిన్నతనమనుకుంది, ఒప్పులన్నీ వాళ్ళు పంచుకున్నారు, పంచుకోనీ, ఈ తప్పు మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తనది, తన చేతిరాత, తన కన్ను, తన అహంకారం, చచ్చాయి అన్న తన మాట, ఇందులో ఎవరికీ భాగం లేదు, డైరెక్టరుకు లేదు, సంస్థకు లేదు, దీన్ని దాచే హక్కు గానీ క్షమించే హక్కు గానీ ఇతనికి ఎవరిచ్చారు, గ్లాసు పక్కకు జరిపింది, డాక్టరమ్మా ఆ పెన్ను ఇలా ఇవ్వండి, అంది, నిలబడే, బల్ల మీదకు వంగి, రిజిస్టరులో సరిచూశానని రాయాల్సిన గడిలో, లెక్కింపు పద్ధతి నేను రాసినది, తప్పు నాది, ఈ పద్ధతితో పెట్టిన లెక్కలన్నీ రద్దు చేస్తున్నాను, ఈ పద్ధతి నా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ నేనే ఉత్తరం రాస్తాను, అని రాసింది, వలెనులు లేకుండా, అక్షరం అక్షరం విడివిడిగా, ఎవరైనా దూరం నుంచి కూడా చదవగలిగేలా, మేడమ్ ప్లీజ్, అంటున్నాడు అతను, ఆమె వినలేదని కాదు, వింది, సంతకం పెట్టింది, పొట్టిసంతకం కాదు, ఇంటిపేరుతో సహా పూర్తిగా, తేదీ వేసి, వేళ పదకొండు గంటల ఇరవై ఆరు నిమిషాలు అని రాస్తూ అనుకుంది, తప్పు నాది, కాబట్టి దిద్దే అధికారం కూడా నాదే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.